“ఏది చదవమంటరు?” – హన్మకొండ పుస్తకాల కొట్టులో తరచుగా అడిగే ప్రశ్నలు

కౌంటర్ దగ్గర ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. శని, ఆదివారాల్లో ఒక్కొక్కరితో నింపాదిగా మాట్లాడే తీరిక దొరకదు కాబట్టి రాసి పెట్టాం. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికే వెళ్లి చదువుకోండి.

## కొట్టుకు రాకముందు

నాకు చదివే అలవాటే లేదు. దేనితోటి మొదలుపెట్టాలె?

డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’తో మొదలుపెట్టండి. పలుచటి పుస్తకం. ఒక ముసలాయన, తప్పిపోయిన ఒక పంది, ఒక రాత్రి, ఒక అడవి. పాత్రల పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, వెనక్కి తిప్పి చూడాల్సిన అవసరమూ రాదు. రెండు దఫాలుగా కూర్చుంటే అయిపోతుంది. రచయితది చిత్తూరు వైపు, కానీ ఉద్యోగమంతా నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలోనే సాగింది. అందుకని ఆయన్ని సగం మనవాడిగానే లెక్కేస్తాం.

కొత్తగా చదివేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. చిన్నప్పటి నుంచి పేరు విన్నామని ‘వేయిపడగలు’ కొంటారు. నలభై పేజీల దగ్గర ఆపి, “నాకు చదువుడు రాదు” అని తేల్చేసుకుంటారు. అది మంచి పుస్తకమే, మొదటి పుస్తకం మాత్రం కాదు. నవల అంటేనే భయమైతే పి.వి. నరసింహారావు రాసిన ‘గొల్ల రామవ్వ’ కథ చదవండి. రజాకార్ల కాలం నాటి ఒక రాత్రి, ఒక గుడిసె, ధైర్యం గల ఒక ముసలవ్వ. అరగంటలో ముగుస్తుంది, మనసులోంచి మాత్రం తొందరగా పోదు.

నా గురించి ఏం చెప్తే సరైన పుస్తకం తీసిస్తరు?

మూడు సంగతులు చాలు. చివరిసారి మీరు పూర్తిగా చదివిన పుస్తకం ఏది? నచ్చిందా లేదా అన్నది తర్వాత, పూర్తి చేశారా అన్నదే మాకు ముఖ్యం. రెండోది, ఎప్పుడు చదువుతారు? కాజీపేట నుంచి రోజూ రైల్లో హైదరాబాద్ పోయివచ్చే మనిషికి నవల ఇవ్వొచ్చు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలే దొరికే మనిషికి కథలో వ్యాసాలో ఇవ్వాలి, లేకపోతే నిన్న ఎక్కడ ఆపారో వెతుక్కోవడానికే ఆ పది నిమిషాలు సరిపోతాయి. మూడోది, ఏది భరించలేరు? పసిపిల్లల చావు, కుల హింస, ఆసుపత్రి వాతావరణం, ఏదైనా సరే మొహమాటం లేకుండా చెప్పండి.

“మంచి నవల ఒకటియ్యండి” అంటే మాకు దారి దొరకదు. ఆఖరుగా నచ్చిన సినిమా పేరు చెప్పినా అంతకంటే నయం.

మీ ఇష్టపుస్తకాల అర మీద ఆ చీటీలు ఎవరు రాస్తరు? పైసలు తీసుకొని పెడ్తరా?

కొట్టులో పనిచేసేవాళ్లమే రాస్తాం, పైసలు తీసుకోం. అరలో ఒకసారికి 24 పుస్తకాలు ఉంటాయి, ఆరు వారాలకోసారి మారుస్తాం. నియమాలు నాలుగే. రాసినవాళ్లు పుస్తకాన్ని చివరిదాకా చదివి ఉండాలి. బంధువుల పుస్తకాలు, ప్రచురణకర్తలు ఉచితంగా పంపిన పుస్తకాలు అరలోకి రావు. చీటీ పోస్టుకార్డులో సగం ఉంటుంది, నలభై మాటలకు మించకూడదు. ఆఖరి వాక్యంలో ఈ పుస్తకం ఎవరికి నచ్చదో చెప్పి తీరాలి.

ఆ ఆఖరి వాక్యం వల్లే అర నడుస్తోంది. “అద్భుతం, తప్పక చదవండి” అన్న చీటీ దగ్గర ఎవరూ ఆగరు. “కథ వేగంగా నడవాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు” అని రాస్తే మాత్రం నింపాదిగా చదివే మనిషి వెంటనే చేతిలోకి తీసుకుంటాడు.

## ఎంచుకునేటప్పుడు

మన వరంగల్ రచయిత రాసిన నవల ఒకటి కావాలె

నవీన్ రాసిన ‘అంపశయ్య’. 1969లో వచ్చింది. ఆయనది పాలకుర్తి దగ్గర వావిలాల. ఈ నవల పేరే చివరికి ఆయన ఇంటిపేరై కూర్చుంది. ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి దాకా ఒక్క రోజు నడిపే బతుకు ఇది. జరిగే సంగతులు తక్కువ, తలలో పారే ఆలోచనలు ఎక్కువ. హాస్టల్ ఫీజు, ఆకలి, అమ్మాయిలు, ఊరు, ఇంటి దగ్గర అప్పు అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. కథ ఎటు పోతోందో పట్టుకోవాలని చూస్తే విసుగొస్తుంది. పక్కన కూర్చున్న మనిషి తనలో తాను మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు చదవండి. ఇంటర్ తర్వాత ఊరొదిలి హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది.

మామూలుగా సాగే కథే కావాలంటే ఆయనదే ‘కాలరేఖలు’. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. నిజాం చివరి రోజుల నుంచి ఒక కుర్రాడు పెరుగుతుంటే వాడితో పాటు పల్లె, చదువు, రాజకీయం కూడా మారుతుంటాయి. ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ దీనికి కొనసాగింపులు. మూడూ ఒకేసారి కొనొద్దు, మొదటిది చదివాక చూసుకోవచ్చు.

తెలంగాణ పాత రోజుల మీద నవలలు మస్తున్నయ్. ఏ వరుసల చదువాలె?

అచ్చయిన ఏడాదిని చూడొద్దు, కథ ఏ కాలంలో జరిగిందో చూసుకుని చదవండి.

మొదట వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. నిజామాబాద్ వైపు ఒక పల్లె, దొర, ఎదురుతిరిగిన కంఠీరవం. భాష సాదాగా ఉంటుంది, అక్కడక్కడా ఉపన్యాసం వినిపిస్తుంది, ఓర్చుకోండి. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలను తానే మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఆయన మీద కాస్త పక్షపాతం ఉండటం సహజం.

తర్వాత దాశరథి రంగాచార్య మూడు నవలలు: ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’. మొదటిదాంట్లో గడి, వెట్టి (ఈ మాటల అర్థం తర్వాతి ప్రశ్నలో ఉంది). రెండోదాంట్లో తిరుగుబాటు. మూడోది ఆ తర్వాతి కాలం. ఒక్కటే చదివే ఓపిక ఉంటే ‘చిల్లర దేవుళ్లు’ చాలు. పాత్రలు తమ తమ యాసలోనే మాట్లాడతాయి, పైకి చదివితే మీ తాత గొంతు వినిపించొచ్చు.

చివరగా అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’. ఇక్కడికొచ్చేసరికి నిజాం పోయాడు, దొర పోలేదు. కరీంనగర్ పల్లెల రైతుకూలీల పోరాటం ఇందులో ఉంది. వరుసగా చదివిన వాళ్లకు ఈ నవల ఎందుకంత వేడిగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

మరీ నేటి కాలం కావాలంటే సిరిసిల్ల ప్రాంతపు పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’. ఎలుగుబంటిని ఆడించి బతికే ఒక ముస్లిం కుటుంబం, ఆ జంతువును వదిలించుకోవాల్సి వచ్చిన పరిస్థితి. చిన్న నవల. జంతువుల బాధ చూడలేనివాళ్లకు మాత్రం ఇవ్వం.

గా పాత పుస్తకాలల్ల కొన్ని మాటలు, సంవత్సరాలు, పైసలు సమజైత లేవు. ఎట్ల?

కొద్దిపాటి సామగ్రి ఉంటే చాలు. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. వెట్టి అంటే కూలి లేకుండా చేయించుకునే చాకిరీ. నాగు అంటే గింజలు అప్పిచ్చి, వడ్డీతో సహా గింజలే వసూలు చేయడం. ఊళ్లో ముగ్గురు అధికారులు: పోలీస్ పటేల్‌ది బందోబస్తు, మాలీ పటేల్‌ది శిస్తు వసూలు, పట్వారీది లెక్కల పుస్తకం. నవలల్లో దుర్మార్గం ఎక్కువగా పట్వారీ కలం నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఆ రాత చదవగలిగినవాళ్లు ఊళ్లో లేరు.

సంవత్సరం ‘ఫసలీ’ అని ఉంటే అది నిజాం సర్కారు లెక్క, ఇంగ్లిష్ సంవత్సరం కోసం 590 కలపండి. 1348 ఫసలీ అంటే సుమారు 1938. రూపాయి ‘హాలీ సిక్కా’ అని ఉంటే అది నిజాం రూపాయి. 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిష్ రూపాయలు వచ్చేవి. మిగిలిన ఉర్దూ మాటలను చుట్టూ ఉన్న వాక్యంతో ఊహించండి, ప్రతి మాటకూ నిఘంటువు తీస్తే కథ చెడుతుంది. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే వాళ్లనే అడగండి. అడిగిన మాటతో పాటు అడగనివి నాలుగు చెబుతారు.

కాకతీయుల మీద ఏది చరిత్ర, ఏది కల్పన?

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ రెండూ నవలలు. గోన వంశం చరిత్రలో ఉన్నదే, కానీ నవలలో గన్నారెడ్డి చేసే సాహసాలు బాపిరాజువి. హాయిగా చదవండి, ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాల పక్కన నిలబడి పిల్లలకు అదే చరిత్ర అని మాత్రం చెప్పకండి.

శాసనాల మీద నిలబడిన చరిత్ర కావాలంటే పి.వి. పరబ్రహ్మశాస్త్రి ‘కాకతీయులు’. వంశక్రమం, సామంతులు, చెరువులు, పన్నులు అన్నీ ఆధారాలతో ఉంటాయి. కథలా సాగదు. మొదటి పేజీ నుంచి కాకుండా మీకు తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు 1213 నాటి రామప్ప శాసనం ఏం చెబుతుందో, రేచర్ల రుద్రుడు ఎవరో వెతకండి. ఆ దారాన్ని పట్టుకుంటే మిగతాది విడుతుంది. రాజుల కంటే జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే మీకు ఆసక్తి అయితే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీసుకోండి. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది.

కవిత్వం నాకు ఎక్కదు. అయినా ఒక్కటి చదువాలని ఉన్నది

కాళోజీ ‘నా గొడవ’ తెరవండి. మన ఊరి వీధిలో మాట్లాడే భాష, ఎవరినో నిలదీస్తున్న గొంతు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కానీ, ఆ రోజు దండ వేసినవాళ్లలో పుస్తకం తెరిచినవాళ్లు తక్కువే. కొన్ని కవితలు అప్పటి వార్తలకు జవాబుగా రాసినవి, సందర్భం తెలియకపోతే చప్పగా అనిపిస్తాయి. అలాంటివి దాటేయండి.

అంతకన్నా చిన్నవి కావాలంటే జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్. ఫొటోగ్రాఫర్ కావడం వల్లో ఏమో, నాలుగైదు పాదాల్లో ఒక బొమ్మ చూపించి తప్పుకుంటాడు. ‘సిటీ లైఫ్’ నుంచి మొదలుపెట్టండి. రోజుకు రెండు మూడు కంటే ఎక్కువ చదవొద్దు, వరుసపెట్టి చదివితే పదును మొద్దుబారుతుంది. ప్రేమ, విరహం కావాలనేవాళ్లకు దాశరథి కృష్ణమాచార్య ‘గాలిబ్ గీతాలు’ ఇస్తాం. చిన్నగూడూరు దాశరథి ‘అగ్నిధార’ రాసిన కవిగానే చాలామందికి తెలుసు. ఉర్దూ షేర్‌ను (రెండు పాదాల కవితను) తెలుగులో ఇంత సుతారంగా పలికించింది కూడా ఆయనే.

ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పినయ్ ఏమున్నయ్?

‘మనకు తెలియని మన చరిత్ర’. సాయుధ పోరాటంలో ఉన్న తెలంగాణ స్త్రీలతో మాట్లాడి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చింది. ఒక్కొక్కరిది ఒక్కో గొంతు. ఎవరి దగ్గర మొదలుపెట్టినా పర్వాలేదు. పోరాటం తర్వాత ఇంటికి తిరిగొచ్చిన వాళ్లకు ఏం జరిగిందన్న భాగాలు తుపాకుల భాగాల కంటే ఎక్కువ కలచివేస్తాయి. ఒకే మనిషి జీవితం కావాలంటే మల్లు స్వరాజ్యం ‘నా మాటే తుపాకీ తూటా’. కథలైతే జాజుల గౌరి ‘మన్నుబువ్వ’, గోగు శ్యామల కథలు. రెండూ మాదిగ పల్లె లోపలి నుంచి రాసినవి, జాలి కోరవు.

ఇంగ్లిష్ మీడియం పోరగాడు. తెలుగు సరిగ్గ చదువరాదు. ఏ పుస్తకం ఇయ్యాలె?

వయసును కాదు, వాడు తడుముకోకుండా చదవగలిగిన వాక్యం ఎంత పొడవుందో చూడండి. కొట్టుకు తీసుకొచ్చి ఏ పుస్తకమైనా ఒక పేజీ పైకి చదివించండి. అయిదు మాటల కంటే ఎక్కువ చోట్ల ఆగితే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు.

అక్షరాలు, గుణింతాలు మాత్రమే వచ్చినవాళ్లకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరం, బొమ్మ ఉన్న పుస్తకాలు. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి చవగ్గా దొరుకుతాయి, నాలుగైదు కలిపి కొనొచ్చు. వత్తులు తిరిగాక చిన్న జానపద కథలు. పదేళ్లు దాటి, కాస్త ధారాళంగా చదివేవాళ్లకు జపాన్ బడి కథ ‘రైలుబడి’. రైలు పెట్టెల్లో నడిచే బడి అనగానే సగం పని అయిపోతుంది. ముళ్లపూడి ‘బుడుగు’ను మాత్రం పిల్లల చేతికివ్వొద్దు. మీరే పైకి చదివి వినిపించండి. ఆ వాక్యాల పొడవు చిన్న కళ్లకు అలసట, చెవులకు మాత్రం పండగ. అందులోది గోదావరి మాట. మనింట్లో అనే మాట వేరుగా ఉంటే అదీ చెప్పండి, పిల్లలకు అదో ఆట.

రోజుకు పది నిమిషాలు చాలు. మీరొక పేజీ, వాడొక వాక్యం. తప్పు చదివితే వెంటనే దిద్దకండి, వాక్యం అయ్యాక మీరు మళ్లీ సరిగ్గా చదవండి. నీతి కథల సంపుటాలు కొనేది పెద్దవాళ్లే, అటక మీదికి చేరేవీ అవే.

డిటెక్టివ్, దయ్యాల నవలలంటే మీకు చిన్నచూపా? అరల కనవడయ్

చిన్నచూపు లేదు. యండమూరి ‘తులసిదళం’ మా అరలో చాలాసార్లు ఉంది. చేతబడి నమ్మకపోయినా రాత్రి ఒంటరిగా చదవలేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిన్నపిల్ల మీద జరిగే హింస చుట్టూ కథ తిరుగుతుంది, ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లకు చీటీలోనే హెచ్చరిక రాస్తాం. ప్రేమ నవలలకు యద్దనపూడి ‘సెక్రటరీ’ దారి. అందులో హీరో పొగరు ఇప్పటి అమ్మాయిలకు కోపం తెప్పిస్తుంది, అయినా చివరిదాకా చదువుతారు.

సంగీతం, ప్రయాణం, సైన్స్, వీటి మీద తెలుగుల మంచియి ఉన్నయా?

సంగీతానికి ఆదిలాబాద్ సామల సదాశివ. ‘మలయమారుతాలు’ నుంచి మొదలుపెట్టి ‘స్వరలయలు’కు రండి, రెండోదానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాగాలు తెలియకపోయినా పర్వాలేదు, ఉస్తాదుల ముచ్చట్లు చెప్పుకుపోతారు. పేరు వచ్చినచోట ఆగి, ఫోనులో ఆ గాయకుడిని పది నిమిషాలు విని, మళ్లీ చదవండి.

ప్రయాణానికి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. 1830–31లో మద్రాసు నుంచి హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీకి పోయివచ్చిన దినచర్య. భాష పాతది, రోజుకు నాలుగు పేజీలు చాలు. సైన్స్‌కు కొడవటిగంటి రోహిణీప్రసాద్ ‘విశ్వాంతరాళం’, ‘మానవపరిణామం’. పదో తరగతి సైన్స్ గుర్తుంటే సరిపోతుంది.

తెలుగు అనువాదం మంచిగున్నదో లేదో కొనకముందే ఎట్ల తెలుస్తది?

మొదటి పేజీ చూసి మోసపోవద్దు, దాన్ని అందరూ చెక్కుతారు. మధ్యలో సంభాషణ ఉన్న పేజీ తీసి రెండు పాత్రల మాటలు పెదవి కదుపుతూ చదవండి. మనుషులు అలా మాట్లాడుకుంటారా? వాక్యంలో క్రియ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే పక్కన పెట్టేయండి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘ఏడు తరాలు’ ఈ పరీక్షకు నిలుస్తుంది. అలెక్స్ హేలీ పెద్ద పుస్తకానికి సహవాసి చేసిన సంక్షిప్త రూపం ఇది. మూలంలో ఉన్నదంతా ఇందులో లేదు, ఆ సంగతి తెలిసే కొనండి. పి.వి. ‘లోపలి మనిషి’ కూడా అనువాదమే, ఆయన 1998లో ఇంగ్లిష్‌లో రాశారు. రాజకీయాల మీద నిజంగా ఆసక్తి ఉంటేనే, అది బరువైన పుస్తకం.

గ్రూప్స్‌కు ప్రిపేరైతున్న. నవలలు చదివితే టైం వేస్టా?

పరీక్ష మూడు నెలల్లోపు ఉంటే వేస్టే, గైడు చదువుకోండి. ఏడాది ఉంటే కాదు. వెట్టి, శిస్తు, పటేల్–పట్వారీ వ్యవస్థ బిట్లుగా బట్టీ పడితే వారంలో మరుస్తారు. ‘చిల్లర దేవుళ్లు’ చదివినవాళ్లకు అవి ఊరి మనుషులుగా గుర్తుంటాయి, వ్యాసం రాసేటప్పుడు తేడా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: తేదీలు, చట్టాల పేర్లు నవలల నుంచి తీసుకోకండి.

## కొనేటప్పుడు

ఒకటే పుస్తకం ముగ్గురు వేసిండ్రు. ధరలు వేర్వేరు. ఏది కొనాలె?

మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు నిండితే కాపీహక్కు పోతుంది. తర్వాత ఎవరైనా అచ్చు వేయొచ్చు. 1952లో పోయిన బాపిరాజు, 1953లో పోయిన సురవరం పుస్తకాలు అలా ఎప్పుడో అందరివీ అయ్యాయి. అందుకే చవక ప్రతులు ఎక్కువ.

చవకది చెడ్డదని కాదు. మూడు చూడండి. లోపలి పేజీలో మొదటి ముద్రణ సంవత్సరం, ఏ ప్రతి ఆధారంగా వేశారన్న మాట ఉందా? రచయిత ముందుమాట ఉంచారా, కోసేశారా? ఏ పేజీ అయినా తీసి పది వాక్యాలు చదివితే ఎన్ని అచ్చుతప్పులున్నాయి? రెండు దాటితే వద్దు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి హడావుడిగా మళ్లీ టైపు చేయించినప్పుడు వత్తులు పోతాయి, ‘ధ’ ‘థ’ ఒకటవుతాయి, ఒక్కోచోట పేరాలే మాయమవుతాయి.

కొత్త పుస్తకమే గదా, మళ్ల ఏం చూసుడు?

చూడాలి. పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా అచ్చై, మడతపడి, వరుసలో పేర్చబడతాయి. పేర్చేటప్పుడు ఒక ఫారం జారితే 96 తర్వాత నేరుగా 113 వస్తుంది. లేదా అవే 16 పేజీలు రెండుసార్లు ఉంటాయి. ఇంటికెళ్లి సగం చదివాక తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని బిల్లు వేయించే ముందు పేజీ సంఖ్యలు చూస్తూ ఒకసారి గబగబా తిప్పండి, నిమిషం పట్టదు. తెల్ల పేజీలు, ఏటవాలుగా కోసిన అంచులు కూడా అప్పుడే కనిపిస్తాయి.

వెన్ను వైపు చూడండి. జిగురు బైండింగ్ అయితే మధ్యలో విరిచినట్టు తెరవొద్దు. కొత్త పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి, ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు మెల్లగా నొక్కుతూ మధ్యకు రండి. నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకానికి కుట్టు బైండింగ్ ఉంటే యాభై రూపాయలు ఎక్కువైనా అదే కొనండి.

ఆన్‌లైన్ల తక్కువకు వస్తది. మీ దగ్గర డిస్కౌంట్ ఎందుకు లేదు?

పది శాతం దాకా ఇస్తాం, చిన్న ప్రచురణల మీద అదీ కుదరదు. తెలుగు పుస్తకాలు చాలావరకు ఐదు వందలో వెయ్యో ప్రతులు అచ్చవుతాయి, రచయితే సొంత డబ్బుతో వేసుకున్నవీ ఎక్కువ, కొట్టుకు మిగిలేది కొంచెమే. ఆన్‌లైన్ ధర చూసేటప్పుడు తపాలా ఖర్చు కలిపి లెక్కేయండి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి అట్ట మీదున్న ధరకు పైన ఎవరు అడిగినా ఇవ్వొద్దు. పాత ధర మీద కొత్త చీటీ అంటించి ఉంటే అది ప్రచురణకర్త అంటించిందో, మధ్యలో ఇంకెవరైనా అంటించారో అడగండి.

ఎక్కడ వెతికినా దొరుకుతలేదు. అచ్చుల లేదంటున్నరు

ముందు పుస్తకం పేరు, రచయిత పేరు, వేసినవాళ్ల పేరు కాగితం మీద రాసివ్వండి. సగం సార్లు పేరు తప్పుగా విని వెతుకుతుంటారు. పంపిణీదారుల దగ్గర లేకపోతే రచయితకో, వారి కుటుంబానికో కబురు పెడతాం. ఇంట్లో కట్టలు మిగిలి ఉండటం మామూలే. కొనుక్కోవాల్సిన అవసరం లేదనుకుంటే హన్మకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి వెళ్లండి, 1904 నాటి గ్రంథాలయం. హైదరాబాద్ పోయే పని ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, మిగతా రోజుల్లో కోఠి. అక్కడ కొనేటప్పుడు మొదటి, చివరి ఫారాలు ఉన్నాయో లేదో చూసుకోండి, పాత పుస్తకాల్లో ముందుగా ఊడేవి అవే.

దోస్తు ఇంట్ల గృహప్రవేశం. ఏ పుస్తకం ఇస్తే బాగుంటది?

వాళ్లు చదవరని తెలిస్తే పుస్తకం ఇవ్వకండి. చదువుతారో లేదో తెలియకపోతే బొమ్మలున్నదో, ఎక్కడ తెరిచినా చదవగలిగినదో ఇవ్వండి. ‘గాలిబ్ గీతాలు’ అలా పనికొస్తుంది. పేరు పెన్సిల్‌తో రాయండి. వాళ్ల దగ్గర అప్పటికే ఉంటే మార్చి ఇస్తాం, పెన్నుతో రాసినది వెనక్కి తీసుకోలేం.

## ఇంటికి తీసుకెళ్లాక

యాభై పేజీలు చదివిన, పట్టు దొరుకుతలేదు. ఆపేయాలా?

వందలోపు పేజీల పుస్తకమైతే ఇరవై, పెద్దదైతే యాభై పేజీలు మా లెక్క. అప్పటికీ ముందుకు సాగకపోతే ఆపేయండి, పాపమేమీ లేదు. ఆపే ముందు ఎందుకో చూసుకోండి. పాత్రల పేర్లు కలిసిపోతున్నాయా? అట్ట లోపల పెన్సిల్‌తో నాలుగు పేర్లు, వాళ్ల చుట్టరికం రాసుకుని మళ్లీ ప్రయత్నించండి. యాస అడ్డమొస్తోందా? రెండు పేజీలు పైకి చదవండి, కంటికి తెలియనిది చెవికి తెలుస్తుంది. పుస్తకం మీకు సంబంధం లేనిదిగా అనిపిస్తోందా? అయితే మూసేయండి. ఏ పేజీ దగ్గర ఆపారో మాత్రం మాకు చెప్పండి, తర్వాతి పుస్తకం ఎంచడానికి అది బాగా పనికొస్తుంది.

మీరు చెప్పిందే కొన్న, నచ్చలే. వాపస్ తీసుకుంటరా?

ఇష్టపుస్తకాల అర నుంచి తీసుకున్నదైతే, బిల్లుతో పదిహేను రోజుల్లోపు తెస్తే మరో పుస్తకానికి మారుస్తాం. డబ్బు తిరిగి ఇవ్వం. గీతలు, నూనె మరకలు, మడిచిన మూలలు ఉండకూడదు. ఫారాలు తప్పిన పుస్తకానికి గడువు లేదు, ఎప్పుడు తెచ్చినా ప్రచురణకర్తకు పంపి వేరేది తెప్పిస్తాం.

వానాకాలం పుస్తకాలకు పురుగులు పడుతున్నయ్. ఏం జేయాలె?

తేమ తగ్గితే పురుగు తగ్గుతుంది. బీరువాను గోడకు ఆనించొద్దు, నాలుగు వేళ్ల సందు వదలండి. స్నానాలగది గోడకు ఆ పక్కన అసలే పెట్టొద్దు. పుస్తకాలను కుక్కినట్టు కాకుండా వేలు దూరేంత వదులుగా పేర్చండి. అట్టలకు బిగుతైన ప్లాస్టిక్ కవర్ వేస్తే చెమ్మ లోపలే ఉండి నల్లమచ్చలు వస్తాయి, మామూలు కాగితం అట్ట మేలు.

వెండి రంగులో మెరుస్తూ పరుగెత్తే సన్నటి పురుగు జిగురును, గంజిని తింటుంది. అందుకే వెన్ను దగ్గర మొదలుపెడుతుంది. నెలకోసారి పుస్తకాలు దించి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద ఒక పూట ఉంచండి. వేపాకు పెట్టేవాళ్లు పూర్తిగా ఎండిన ఆకే పెట్టాలి, పచ్చిది పెడితే తేమను చేతులారా ఇచ్చినట్టే. నాఫ్తలీన్ ఉండలు గుడ్డలో కట్టి మూలన పెట్టండి, పిల్లలకు అందనివ్వొద్దు.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి. కాగితం పచ్చబడి వంకర తిరుగుతుంది, జిగురు పెళుసెక్కి పేజీలు రాలిపోతాయి. ఇరవై పేజీలకొకటి చొప్పున తెల్లకాగితం పెట్టి నీడలో ఫ్యాన్ కింద ఆరనివ్వండి. గంటకోసారి కాగితాలు మార్చండి. వార్తాపత్రిక పెడితే దాని సిరా పేజీలకు అంటుకుంటుంది. తొంభై పాళ్లు ఆరాక పైన బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి.